ఎడమ చెయ్యి ఎత్తినవాళ్ళు

కిర్గిజ్ కొండల్లోని అట్‌బాషీలో ఎవరినైనా పట్టుకుని, జూరాకాన్‌కి ఇంగ్లీషు వచ్చా అని అడిగి చూడండి. "ఆవిడకి రాకపోతే ఇంకెవరికొచ్చు?" అంటూ మిమ్మల్నే ఎగాదిగా చూస్తారు. ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు, ఎందుకంటే ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పే మనిషి ఆమె ఒక్కతే. సంతలో గొర్రెలు అమ్మేవాడూ, పోస్టాఫీసులో ముద్రలు కొట్టేవాడూ, నారిన్ బస్సు నడిపేవాడూ ఆమె దగ్గర చదివినవాళ్ళే. ఎదురుపడితే టోపీ సర్దుకుని, "ఎజే, బాగున్నారా" అని పలకరిస్తారు. ఎజె అంటే అక్క. అక్కడ టీచరమ్మని పిలిచే పిలుపూ అదే. యాభై దాటి, మోకాళ్ళు పట్టేసి, మనవలు పుట్టినా జూరాకాన్ ఊరందరికీ అక్కే. ఆ పిలుపంటే ఆమెకి ప్రాణం.

అయితే ఆమె చదివింది ఇంగ్లీషు కాదు, జర్మన్. సోవియట్ యూనియన్ ఉన్న రోజుల్లో రాజధానిలో హాస్టల్లో ఉండి, చలికి వణుకుతూ, గోడకి మొహం పెట్టి ఆ భాషని బట్టీపట్టింది. డిప్లొమా పుచ్చుకుని, పశువుల డాక్టరు షార్షెన్‌ని చేసుకుని, కోడలిగా అట్‌బాషీకి వచ్చింది. నాలుగేళ్ళు తిరక్కుండా యూనియన్ కుప్పకూలింది. ఓ రోజు అప్పటి హెడ్మాస్టరు ఒక నీలిరంగు పుస్తకం తెచ్చి ఆమె బల్లమీద పెట్టాడు.

"జర్మనీవాళ్ళెవరూ ఇటు రారు చెల్లీ. రేపట్నుంచి ఇంగ్లీషు చెప్పు."

"నాకు ఇంగ్లీషు రాదు కదా అగాయ్."

"అక్షరాలు అవే కదా. మిగతాది నువ్వే చూసుకో."

ఆమె అగాయ్ అని, అంటే అన్నగారూ అని, పిలిచిన ఆ పెద్దమనిషి అంతటితో చేతులు దులుపుకున్నాడు. జూరాకాన్ మాత్రం ఆ రోజునుంచి పిల్లలకంటే ఒక్క పాఠం ముందు నడుస్తూ బతికింది. ఇవాళ తను నేర్చుకున్నది రేపు వాళ్ళకి చెప్పడం, వాళ్ళు ఏదైనా అడిగితే "అది తర్వాతి పాఠంలో వస్తుంది" అనడం. దేశంలో సగం మంది టీచర్లు అలాగే నెట్టుకొచ్చారు. వాళ్ళని ఏమైనా అనాలంటే ముందు ఆ నీలం పుస్తకం పెట్టిపోయినవాళ్ళని అనాలి.

ఆ పుస్తకంలో ఆమెకి భయం వెయ్యనిది ఒక్కటే, ఆర్టికల్స్. కిర్గిజ్ భాషలో అలాంటి తద్దినం లేదు. గుర్రం అంటే గుర్రమే, దాని ముందు ఏ ముక్కా తగిలించనక్కర్లేదు. రష్యన్‌లోనూ లేదు. అందుకే మిగతా బళ్ళలో ఇంగ్లీషు టీచర్లకి ఎ, ద అనేసరికి ముచ్చెమటలు పట్టేవి. జూరాకాన్‌కి అలా కాదు. జర్మన్‌లో అవి ఉన్నాయి, ఒకటికి మూడు రకాలున్నాయి, వాటిని ఆమె చెమటోడ్చి నేర్చుకుంది. జర్మన్‌లో ప్రకృతికి ముందూ, జీవితానికి ముందూ, ప్రేమకి ముందూ ఆ ముక్క పడాల్సిందే. ఇంగ్లీషులోనూ అంతే అనుకుంది. ద నేచర్, ద లైఫ్, ద లవ్. పిల్లల చేత పాటలా పాడించింది. అక్కడివాళ్ళు చాయ్‌లో ఉప్పు వేసుకున్నట్టు ఆ లోయలో పిల్లలందరూ ప్రతి మాటకీ ఒక ద వేసుకున్నారు. రాజధాని బిష్కెక్ కాలేజీల్లో నోరు విప్పగానే, "నువ్వు అట్‌బాషీ నుంచి వచ్చావా?" అని అడిగేవారట. పిల్లలు అది తమ ఊరి గొప్ప అనుకున్నారు. జూరాకాన్ కూడా అలాగే అనుకుంది.

ఆ ఏడాది అక్టోబరులో, మొదటి మంచు పడ్డ వారం, హెడ్మాస్టరు కెరిమాలి ఆమెని గదికి పిలిచాడు. వయసులో చిన్నవాడు, మంచివాడు, భయస్తుడు. ఆమెని జూకె అని మర్యాదగా పిలుస్తాడు.

"జూకె, నారిన్ విద్యాశాఖ ఆఫీసునుంచి కబురొచ్చింది. మీ తొమ్మిదో తరగతిలో బహిరంగ పాఠం పెట్టాలట. వాళ్ళ మనిషి వచ్చి కూచుని చూస్తుంది."

"చూడనివ్వండి. ఎన్ని చూడలేదు."

"ఇది అలాంటిది కాదు." కెరిమాలి బల్లమీది పెన్నుల్ని వరసలో పెట్టాడు. "పాఠం ఏమిటో కూడా వాళ్ళే చెప్పారు. ఆర్టికల్స్. మన పిల్లలు పరీక్షల్లో అవే తప్పులు చేస్తున్నారట, అందరూ ఒకేలాగ. పాఠం బాగోలేదని రాస్తే పెద్ద తరగతులు మీ చేతిలోంచి తీసేస్తారు."

"తీసేసి?"

"మిమ్మల్ని హాస్టలుకి వెయ్యమన్నారు. పిల్లల్ని చూసుకోడానికి."

హాస్టలు పని అంటే దుప్పట్లు ఉతికించడం, పొయ్యిలో పిడకలు అయిపోకుండా చూడడం. ఆ పని చేసే ఆమెని పిల్లలు ఎజె అనరు, పేరు పెట్టి కూడా పిలవరు, "ఏవండోయ్" అంటారు. జూరాకాన్, "వచ్చేదెవరు?" అంది.

"మన ఊరమ్మాయే. మీ శిష్యురాలే. బురుల్."

ఆ మాట విని ఆమె ప్రాణం కుదుటపడింది. తన చేతికింద చదివిన పిల్ల తన పొట్టకొడుతుందా? బురుల్ అంటే ఆఖరి బెంచీలో కూచునే బక్కపిల్ల, నోట్లో నాలుక లేనట్టుండేది. అంతకు మించి ఏమీ గుర్తు రాలేదు.

ఆ సాయంత్రమే బిష్కెక్‌లో ఉన్న మేనకోడలు పంపిన కొత్త వ్యాకరణం పుస్తకం తీసి కూచుంది. పుస్తకం వచ్చి చాలా కాలమైంది కానీ విప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. తనకి వచ్చిన పాఠమే కదా, పైపైన చూస్తే చాలనుకుంది. రెండో పేజీలోనే ఆగిపోయింది. లైఫ్ ముందు ఏమీ అక్కర్లేదట. నేచర్ ముందూ అక్కర్లేదు, లవ్ ముందూ అక్కర్లేదు. ఇంకో పుస్తకం తీసి చూసింది. అందులోనూ అదే. తను ఇన్నేళ్ళూ, ఇంతమంది చేత, పాటలు కట్టి మరీ తప్పు పాడించింది. బిష్కెక్‌లో వాళ్ళు ఊరు గుర్తుపట్టింది మెచ్చుకోడానికి కాదు, నవ్వడానికని అప్పుడు అర్థమైంది. తలుపు వేసుకుని ఏడ్చేంత సిగ్గేసింది. కానీ ఇంటినిండా మనవలు, వేసుకోడానికి తలుపెక్కడ?

షార్షెన్ పొయ్యి దగ్గర కూచుని జీను పట్టీ కుట్టుకుంటున్నాడు. భార్యని బైబిచే అని పిలుస్తాడు, ఇంటి పెద్దావిడని పిలిచినట్టు. ఆమె అతన్ని ముసలాయనా అంటుంది.

"ఏంటి బైబిచే, ఆ గొణుగుడు? ఎవర్ని తిడుతున్నావ్?"

"నన్నే. ముసలాయనా, నువ్వు సంతలో ఒక గుర్రాన్ని కొన్నావనుకో."

"కొన్నా. ఎంతకి కొన్నానో మాత్రం అడక్కు."

"ఆ గుర్రం నేను చూళ్ళేదు, నాకు తెలీదు. అప్పుడది ఎ హార్స్. ఇంటికి తెచ్చావు, నేనూ చూశాను, రేపు దాని గురించి మాట్లాడుకుంటాం. అప్పుడది ద హార్స్."

షార్షెన్ సూది ఆపి ఆలోచించాడు. "అంటే తన్నేదాకా ఎ, తన్నాక ద."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నేను ఇన్నేళ్ళూ అన్నిటికీ ద పెట్టించా ముసలాయనా. లోకంలో ఉన్నవన్నీ మనకి ముందే తెలిసినట్టు."

"పోనీలే, గుర్రాలకేం నష్టం లేదుగా," అన్నాడతను. అది ఓదార్పే. ఆమెకి మాత్రం ఓదార్పు తగల్లేదు.

మర్నాటినుంచి తొమ్మిదో తరగతికి సంత గుర్రం పాఠం మొదలైంది. ఆ పాఠం నిజంగా బాగుంది, అందులో ఎవరూ వంక పెట్టలేరు. అట్‌బాషీ పిల్లలకి గుర్రం గురించి చెబితే రాయికి కూడా చెవులొస్తాయి. కానీ బహిరంగ పాఠాన్ని పాఠంలా వదిలేసే అలవాటు ఆ బళ్ళలో లేదు. దాన్ని పెళ్ళిలా ముందే నడిపి చూసుకుంటారు. ఎవర్ని ఏమి అడగాలో, వాళ్ళు ఏమి చెప్పాలో, ఎక్కడ నవ్వాలో అన్నీ ముందే అనుకుంటారు. దీన్ని ఎవరూ మోసం అనుకోరు. అతిథి వస్తున్నాడంటే ఇల్లు ఊడ్చమా, అంతే.

ఇంకో ఏర్పాటు కూడా ఉంది, అదీ తాతలనాటిదే. ప్రశ్న వెయ్యగానే తరగతిలో ఒక్క చెయ్యి కూడా కింద ఉండకూడదు. అందరూ ఎత్తాలి. తెలిసినవాళ్ళు కుడి చెయ్యి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. చూసేవాళ్ళకి అడవిలా చేతులు కనిపిస్తాయి. టీచరు కుడిచేతుల్ని ఏరుకుంటుంది. జూరాకాన్ తను పిల్లగా ఉన్నప్పుడూ అలాగే ఎత్తింది. ఎప్పుడూ కుడే.

ఆ తరగతిలో ఐజిరెక్ అనే పిల్ల ఉంది. అమ్మానాన్నలు అక్సాయ్ వైపు, సరిహద్దు దగ్గర, జడలబర్రెలు కాస్తారు. పిల్ల చదువుకోసం నాయనమ్మ దగ్గర ఉంటుంది. వేసవి వచ్చిందంటే మాత్రం మందతోపాటే కొండెక్కుతుంది, మంద దిగేదాకా దిగదు. అందుకని ఏటా బడి తెరిచిన నెలకో, ఇంకా ఆలస్యంగానో వస్తుంది. వచ్చేసరికి పాఠాలు సగం అయిపోయుంటాయి. బుగ్గలు ఎండకి కమిలి, జుట్టులో పొగ వాసనతో, నోరు మెదపకుండా కూచుంటుంది. జూరాకాన్ ఆమెని ఎప్పుడూ కసురుకోలేదు, ఎప్పుడూ అడిగిందీ లేదు. ముందు నడిపి చూసుకున్న రోజున ఐజిరెక్ ఎ హార్స్ అనాల్సిన చోట తడబడి ఆగిపోయింది.

"నువ్వు ఎడమ చెయ్యి ఎత్తు తల్లీ," అంది జూరాకాన్. కోపంగా అనలేదు. కోటు బొత్తాం పెట్టుకోమన్నట్టు అంది.

బురుల్ వచ్చిన రోజు బడంతా సున్నం వాసన. నారిన్‌నుంచి ఆఫీసు జీపులో దిగింది. సన్నగా, పొడుగ్గా, మెడకి బూడిదరంగు శాలువా చుట్టుకుని ఉంది. ఒకప్పటి బక్కపిల్ల పోలికలు ఎక్కడా లేవు. జూరాకాన్‌ని కౌగిలించుకుని, "ఎజే, మీరేం మారలేదు," అంది. వెనక బెంచీలో కెరిమాలి పక్కన కూచుంది. అది ఆమె కూచునే బెంచీయే.

పాఠం నీళ్ళు పారినట్టు సాగింది. షార్షెన్ తగరపు రేకుతో కత్తిరించి ఇచ్చిన గుర్రాన్ని జూరాకాన్ బల్లమీద నిలబెట్టింది. సంత వచ్చింది, బేరం జరిగింది, గుర్రం ఇంటికొచ్చింది, తన్నింది, పిల్లలు నవ్వాల్సిన చోట నవ్వారు. ఎ అనాల్సిన చోట ఎ, ద అనాల్సిన చోట ద. ఆమె ఒక తప్పు కూడా చెయ్యలేదు. "లైఫ్ ముందు ఏముంటుంది?" అని తనే అడిగి, "ఏమీ ఉండదు" అని పిల్లల చేత అనిపించింది. అలా అనిపిస్తుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి, బురుల్‌కేసి చూడలేకపోయింది. ప్రతి ప్రశ్నకీ తరగతినిండా చేతులు లేచాయి. కెరిమాలి మొహం వెలిగిపోతోంది.

అప్పుడు బురుల్ వెనకనుంచి, "ఎజే, నేనొకర్ని అడగొచ్చా?" అంది.

"అదేంటమ్మా, అడుగు."

"గుర్రం మీద రెండు వాక్యాలు ఎవరు చెబుతారు?"

చేతులు లేచాయి. బురుల్ నింపాదిగా వరసలన్నీ చూసింది. ఆ చూపు ఎక్కడెక్కడ ఆగుతోందో జూరాకాన్ గమనించింది. ఆ చూపు కుడిచేతుల మీద ఆగడంలేదు.

"కిటికీ దగ్గర, ఎర్ర స్వెట్టరు అమ్మాయి."

ఐజిరెక్ లేచి నిలబడింది. ఎత్తిన ఎడమ చెయ్యి దించడం కూడా మర్చిపోయింది. పెదవులు కదిలాయి. "ఐ..." అంది. అని ఆగి, బురుల్‌కేసి కాకుండా జూరాకాన్‌కేసి చూసింది. చెప్పమంటారా అన్నట్టు ఉంది ఆ చూపు. లేదా కాపాడమన్నట్టు. ఏదన్నది జూరాకాన్‌కి అప్పుడు తెలీదు, తెలుసుకునే ఓపికా లేదు. ఆమె కళ్ళముందు హాస్టలు దుప్పట్లున్నాయి. కెరిమాలి వెనకనుంచి కనుబొమలు ఎగరేస్తున్నాడు, ఏదో ఒకటి అనండి అన్నట్టు.

"ఆ పిల్ల కొత్తగా వచ్చింది," అంది జూరాకాన్. "వేరే బడినుంచి. మన పాఠాలు దానికి ఇంకా తెలీవు. కూచో అమ్మా."

ఐదో తరగతినుంచీ పక్కన కూచున్న పిల్లలు ఐజిరెక్‌కేసి తిరిగి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఐజిరెక్ కూచుంది, చెయ్యి అప్పుడు దించింది. బురుల్ తల ఊపి, "సరే ఎజే," అంది.

టీచర్ల గదిలో బల్లనిండా పిండి వేయించి చేసిన బోర్సోక్‌లు, మీగడ, వేయించిన మాంసం. కెరిమాలి బురుల్‌ని పెద్దపీట చోట కూచోబెట్టి, తనే మాంసం వడ్డిస్తూ ఒకటే మాట్లాడాడు. కాసేపటికి జీపు డ్రైవరుకి పెట్టారో లేదో చూడడానికి బయటికెళ్ళాడు. గదిలో ఇద్దరే మిగిలారు.

"పాఠం బాగుంది ఎజే. బాగుందనే రాస్తాను," అంది బురుల్. "మీ తరగతులు మీకే ఉంటాయి."

జూరాకాన్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ మేలు మర్చిపోను తల్లీ."

"మేలేం కాదు. మిమ్మల్ని తీసేస్తే ఈ ఊరికి ఇంకెవరొస్తారు? ఉన్న ఇంగ్లీషు కూడా పోతుంది." చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, శాలువా సర్దుకుంది. "నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు ఇలాగే నారిన్‌నుంచి ఒకాయన వచ్చాడు. నన్ను లేపాడు. మీకు గుర్తుందా?"

"లేదమ్మా. ఎంతమంది వచ్చారో, ఎంతమంది పోయారో."

"మీరు ఆయనతో, ఈ పిల్లకి చెవులు సరిగ్గా వినపడవు అన్నారు. ఆయన పాపం మంచివాడు. నా దగ్గరకొచ్చి, చెవిలో గట్టిగా అరిచి, నీ పేరేంటమ్మా అని అడిగాడు."

జూరాకాన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. చెవిటి బురుల్. అవును, బడిలో ఆ పిల్లని అలా పిలిచేవాళ్ళు. ఆ పేరు ఆమె విన్నది. ఒకటి రెండుసార్లు తనే పిలిచిందేమో కూడా. అది ఎక్కడినుంచి వచ్చిందని ఏనాడూ అడగలేదు.

"ఇవాళ మీరు మళ్ళీ చెవుడంటారేమో అనుకున్నా," అంది బురుల్. గొంతులో కోపం లేదు, అదే జూరాకాన్‌కి కష్టంగా ఉంది. "ఆ పిల్లని లేపడం నాదీ తప్పే. లేపకుండా ఉండలేకపోయాను."

"తప్పయిపోయింది తల్లీ."

"నాకెందుకు చెప్పడం ఎజే. నేను పెద్దదాన్నయిపోయాగా."

కెరిమాలి లోపలికి రాగానే ఆమె నవ్వు మొహం పెట్టుకుని ఇంకో బోర్సోక్ తీసుకుంది. జీపు వెళ్ళిపోయాక అతను జూరాకాన్ భుజాలు పట్టుకుని ఊపాడు.

"గట్టెక్కాం జూకె. కొత్తపిల్ల అన్నారు చూడండి, అది మాత్రం అదిరింది. నాకు తట్టేది కాదు."

ఇంట్లో షార్షెన్‌కి చెప్పింది. అతనూ తేలిగ్గానే తీసుకున్నాడు. "కొండమీంచి మొన్నేగా దిగిందా పిల్ల? కొత్తగా వచ్చిందంటే అబద్ధమెక్కడ?" అదే జూరాకాన్ కూడా తనకి తాను చెప్పుకుంటున్న మాట. వేరే నోట వినేసరికి అది ఎంత పుచ్చుమాటో తెలిసొచ్చింది. వేరే బడినుంచి అని కూడా అంది కదా తను.

మర్నాడు తొమ్మిదో తరగతి గుమ్మం దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి. లోపల పిల్లలు ఐజిరెక్ చుట్టూ మూగి ఉన్నారు. "ఏ ఊరు నీది కొత్తపిల్లా? మీ బడిలో గుర్రాలుంటాయా?" అంటూ ఒకటే నవ్వులు. దుర్మార్గులు కారు, ఆ వయసు పిల్లలంతే. జూరాకాన్ లోపలికి వెళ్ళి బల్లమీద చేత్తో కొట్టి అందర్నీ కూచోబెట్టింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నిన్న నేను అబద్ధం చెప్పాను అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నోరు తెరిచింది కూడా. తెరిచి, "పుస్తకాలు తియ్యండి," అంది. ఆ మర్నాడు ఐజిరెక్ రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు.

ఆదివారం జూరాకాన్ చాయ్ పొట్లం, పంచదార గడ్డలు, మిఠాయిలు రుమాల్లో మూటకట్టుకుని వాగు అవతల ఐజిరెక్ వాళ్ళ ఇంటికి వెళ్ళింది. దారిలో సంత సందడిగా ఉంది. శిష్యులు టోపీలు సర్దుకుని "ఎజే" అంటూ పలకరించారు. ఆ రోజు ఆ పిలుపు విన్నప్పుడల్లా ఒంట్లో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది.

నాయనమ్మ బుబూష్ గుమ్మంలోనే ఎదురొచ్చి, టీచరమ్మే ఇంటికొచ్చిందని ఉక్కిరిబిక్కిరైపోయింది. ఆమెని గుమ్మానికి ఎదురుగా, గోడ పక్కన పెద్దల చోట కూచోబెట్టి, వీపుకి దిండు పెట్టి, ముందు గుడ్డ పరిచి రొట్టె విరిచింది. ఐజిరెక్ చాయ్ కాగే సమోవార్ దగ్గర కూచుంది. అతిథికి చాయ్ పొయ్యడం ఇంటి ఆడపిల్ల పని. తలెత్తలేదు.

"దీనికి ఒంట్లో బాగాలేదని బడికి పోవట్లేదమ్మా," అంది బుబూష్. "ఏ నొప్పో చెప్పదు. ఆ నారిన్ మనిషి వచ్చిన పాఠానికి ముందు చూడాలి దీని సంబరం. సాయంకాలం పాలు పితుకుతూ ఒకటే గొణుగుడు. ఎ హార్స్, ద హార్స్, ఎ హార్స్, ద హార్స్. ఎవర్నే ఆ పిలుపు, ఆవు బెదురుతుంది అన్నాను. వచ్చేసింది నాయనమ్మా, నాకు వచ్చేసింది అంది."

జూరాకాన్ చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల లేచి "ఐ" అని ఆగింది. కాపాడమని కాదు. ఎడమ చెయ్యి ఎత్తమన్నారు కదా, చెప్పొచ్చా అని అడిగింది.

ఐజిరెక్ చాయ్ పోసి అందించింది. ఉప్పూ పాలూ వేసిన చాయ్, గిన్నెలో సగానికి తక్కువ, మర్యాదగా. జూరాకాన్ తాగి గిన్నె దించి, పెద్దావిడని అమ్మా అన్నట్టు ఎనె అని పిలిచింది.

"బుబూష్ ఎనె, నేను మీ మనవరాలికి అన్యాయం చేశాను. నారిన్ మనిషి ముందు ఈ పిల్ల మా బడిదే కాదన్నాను. వేరే చోటినుంచి కొత్తగా వచ్చిందని అబద్ధం చెప్పాను. నా ఉద్యోగం కోసం."

ముసలామె ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత నవ్వేసింది. "అయ్యో, ఇంతేనా. మీరేం చేసినా పిల్లల మంచికే చేస్తారు. నిజంగానే అది మొన్నే కొండ దిగిందిగా. టీచరు మాట పట్టుకుని మంచం ఎక్కుతారటే? లే, ఎజెకి ఇంకో గిన్నె పొయ్యి."

ఊరంతా ఆమెని క్షమించడానికి సిద్ధంగా ఉంది. క్షమాపణ అడగాల్సింది ఆ పిల్లని, అడిగింది మాత్రం ముసలామెని. అది జూరాకాన్‌కి తెలుస్తూనే ఉంది. తిరిగి ఐజిరెక్‌కేసి చూసి, "తల్లీ," అంది.

ఐజిరెక్ గిన్నె అందుకుంది. సమోవార్ కుళాయి తిప్పి, కళ్ళు గిన్నెమీదే ఉంచి, పోస్తూనే ఉంది. సగం దాటింది, అంచుదాకా వచ్చింది, ఇంకొక్క చుక్క పడితే పొర్లేటట్టు నిండింది. రెండు చేతులతో పట్టుకుని, ఒక్క చుక్క ఒలక్కుండా తెచ్చి టీచరు ముందు పెట్టింది. పెట్టి, మొదటిసారి తలెత్తి ఆమె కళ్ళలోకి చూసింది.

బుబూష్ మొహం కందగడ్డైపోయింది. "ఛీ, సిగ్గులేదటే. నిండా పోస్తారా? ఇక లేచి వెళ్ళమని చెప్పడానికి పోస్తారే అలాగ. ఏమీ అనుకోకండమ్మా. కొండల్లో పెరిగింది, దానికి ఇవన్నీ తెలీవు."

"తెలుసు ఎనె," అంది జూరాకాన్. "దానికి బాగా తెలుసు."

ఆ చాయ్ నోరు కాలుతున్నా చివరి గుక్కదాకా తాగి, ఒడి దులుపుకుని లేచింది.